పాత నమూనా డీజిల్ ఇంజన్లు: నడుపుతూనే దాచుకోవడం

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మౌలాలి షెడ్డు చుట్టుపక్కల పెరిగినవారికీ, కాజీపేటలో బండి మారడం అలవాటైనవారికీ డీజిల్ ఇంజను అనగానే అమెరికా కంపెనీ ఆల్కో ఇంజనే గుర్తుకొస్తుంది. 1962లో అమెరికా నుంచి దిగి, 1964 నుంచి వారణాసిలో తయారైన 2,600 అశ్వశక్తి డబ్ల్యూడీఎం-2 పేరు ఈ సభలో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. నేను మాట్లాడబోయేది దాదాపు అదే కాలంలో అమెరికా, ఇంగ్లండు, జర్మనీ దేశాల్లో తయారై, ఇప్పుడు జుమ్మేరాత్ బజారు వంటి పాత సామాన్ల సంతల్లోనో, విదేశాల్లో ఉండి వచ్చిన బంధువుల అటకల మీదనో అరుదుగా కంటపడే, అసలు ఇంజన్లను చిన్న కొలతలో దించిన నమూనా డీజిల్ ఇంజన్ల గురించి. వాటిని అద్దాల బీరువాలో బంధించకుండా నడుపుతూనే దాచుకోవాలనీ, మనం చేసే ప్రతి మరమ్మతూ రేపు మరొకరు విప్పి పూర్వస్థితికి తేగలిగేలా ఉండాలనీ నా అభిప్రాయం.

సేకరణ మొదలుపెట్టేవారు అన్నీ కొనాలనుకోకుండా, ఒక కాలాన్నో ఒక తయారీదారునో ఎంచుకోవడం మంచిది. లయనెల్ కంపెనీ 1948లో తెచ్చిన ఎఫ్-3, శాంటా ఫే రైల్వే వారి ఎరుపు, వెండి రంగుల్లో, ‘ఓ’ గేజి అనే కొలత గల మూడు పట్టాల దారి మీద నడిచే బరువైన బొమ్మ. 1950లో అదే కంపెనీ తెచ్చిన ఆల్కో ఎఫ్‌ఏ మనకు మరికాస్త దగ్గరి చుట్టం. 1950ల చివర మన దేశానికి వచ్చిన డబ్ల్యూడీఎం-1 ముక్కుతీరులో ఆ పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లండులో హార్న్‌బీ డబ్లో 1958లో తన బో-బో డీజిల్‌ను, అంటే రెండేసి ఇరుసుల బోగీలు రెండున్న ఇంజనును, విడుదల చేసింది. మరుసటి ఏడాదే ఆ సంస్థ మూడు పట్టాల పద్ధతి నుంచి రెండు పట్టాల పద్ధతికి మారడం మొదలుపెట్టింది కనుక, ఆ ఇంజను రెండు రకాల్లోనూ దొరుకుతుంది. ఏ రకమో చూసుకోకుండా కొంటే ఇంట్లో ఉన్న పట్టాల మీద అది నడవదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఏథర్న్ కంపెనీవి. నీలిరంగు అట్టపెట్టెల్లో, కొన్నవారే బిగించుకునే విడిభాగాలుగా వచ్చిన హెచ్‌ఓ ఇంజన్లు ఇవి; హెచ్‌ఓ అంటే అసలులో 87వ వంతు కొలత. 1950ల చివరి నమూనాలలో కొన్నిటికి గేర్లు ఉండవు; మోటారు ఇరుసు నుంచి చక్రాల ఇరుసులకు రబ్బరు బ్యాండ్లు తగిలించి ఉంటాయి. కరెంటు ఇవ్వగానే అవి సరుకు బండిలా మెల్లగా కదలక, పందెపు గుర్రంలా దూకుతాయి. బ్యాండ్లు ఎండి తెగితే సరైన కొలత వెతికి కొత్తవి వేయాలే తప్ప, గేర్లున్న చాసిస్‌లోకి, అంటే అడుగు చట్రంలోకి, మార్చకూడదు, ఎందుకంటే ఆ దూకుడే ఆ నమూనా గుణం. అలాగే అదే సంస్థ జీపీ-9 వంటి ఇంజన్లకు మోటారు పట్టడం కోసం హుడ్డును, అంటే మోటారును కప్పే పొడవాటి పెట్టెలాంటి భాగాన్ని, అసలు కొలత కన్నా వెడల్పుగా చేశారు. కొలబద్దతో కూర్చునేవారికి అది తప్పు. నాకు మాత్రం ఆనాటి మోటారు ఎంత లావుగా ఉండేదో చెప్పే సాక్ష్యం. పైగా 1,676 మిల్లీమీటర్ల మన బ్రాడ్‌గేజి ఇంజను నమూనాను 16.5 మిల్లీమీటర్ల హెచ్‌ఓ పట్టాల మీదే నడుపుకునే మనం, 1:87 లెక్కన పట్టాల ఎడం 19 మిల్లీమీటర్లు దాటాలని తెలిసి కూడా సర్దుకుపోయేవాళ్ళం, ఇతరుల కొలతలు ఎంచడం అంత బాగుండదు.

కొనేటప్పుడు రంగు కన్నా ముందు చాసిస్ చూడాలి. పాత చాసిస్‌లలో చాలావరకు మజాక్ అనే జింకు మిశ్రమంతో పోతపోసినవి. ఆ పోతలో సీసం వంటి మలినాలు కలిసి ఉంటే, తేమ తగిలే కొద్దీ లోహపు రేణువుల సందుల్లో తుప్పు పాకి, భాగం ఉబ్బి, పగిలి, చివరికి పొడిగా రాలుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి వాటిలో ఇది ఎక్కువ. చాసిస్‌ను అద్దపు పలక మీద పెట్టి ఊగుతోందేమో చూడండి. బాడీ చాసిస్ మీద నుంచి తేలిగ్గా రాకుండా బిగుసుకుని ఉంటే, లోపలి లోహం పెరిగిందని అనుమానించండి. దీనికి మందు లేదు. ఉన్నదాన్ని పొడిగా ఉంచడం, ముఖ్యంగా వానాకాలంలో డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయడం వరకే మన చేతిలో ఉంది.

ఇక మోటారు. ఏళ్ల తరబడి పడివున్న ఇంజనుకు వెంటనే కరెంటు ఇవ్వవద్దు. ముందు మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచర్‌ను వేలితో తిప్పి చూడాలి. పాత గ్రీజు లక్కలా గట్టిపడి ఉంటే దాన్ని తుడిచేశాకే తరువాతి పని. ఆర్మేచర్ మీద బ్రష్షులు తాకే చోటైన కమ్యుటేటర్ రాగి ముక్కల మధ్య సన్నని సందుల్లో బొగ్గు బ్రష్షుల పొడి పేరుకుంటుంది, దాన్ని మొన చెక్కిన చీపురుపుల్లతో తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు. గరుకు కాగితం వాడితే రాగి మీద గీతలు పడి, బ్రష్షులు త్వరగా అరుగుతాయి. డబ్లో వంటి, ఆల్నికో అనే లోహమిశ్రమపు అయస్కాంతం ఉన్న మోటార్లలో ఆర్మేచర్‌ను ఊరికే బయటికి లాగవద్దు. అయస్కాంత వలయం తెగి దాని శక్తి తగ్గిపోతుంది, తీయక తప్పకపోతే ఆ ఖాళీలో ఇనుప ముక్క అడ్డుపెట్టాలి.

నూనె విషయంలో మన ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. తలుపు కీచుమన్నా, గొళ్ళెం పట్టేసినా చేతికందేది కొబ్బరినూనె సీసా. అది దాదాపు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. హైదరాబాదులో డిసెంబరు తెల్లవారుజామున ఆ నూనె పోసిన ఇంజను కదలకపోతే ఆశ్చర్యం లేదు. లోహపు బేరింగులకు కుట్టుమిషను నూనె, సూది మొనతో ఒక్కో చుక్క సరిపోతుంది. ప్లాస్టిక్ గేర్లకు ప్లాస్టిక్‌ను తినని నూనె అని సీసా మీద రాసి ఉన్నదే వాడాలి. కమ్యుటేటర్ మీద ఏ నూనె పడ్డా తుడిచేయాలి.

అమెరికా నుంచి ఇంజనుతో పాటు వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ అక్కడి 110-120 వోల్టులకు చేసినది. దాన్ని మన గోడ ప్లగ్గులో నేరుగా పెడితే చుట్టలు కాలిపోతాయి. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, 60 హెర్ట్జ్‌కు చేసిన యంత్రం మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి, ఎదురుగా కూర్చుని, కాసేపు నడిపి ఆపేయండి. తీగ మీది పాత రబ్బరు పెళుసుబారి ఉంటే, ఆ తీగను మార్చేదాకా దాన్ని ముట్టవద్దు. పాత భాగాలు ఉంచుకోవాలన్న నా పట్టుదలకు ఇదొక్కటే మినహాయింపు.

రంగు గురించి ఒక్క మాట. మళ్ళీ రంగు వేయకండి. అసలు రంగు, అక్షరాలు ఎంత గీరుకుపోయినా ఫ్యాక్టరీ పనితనం అక్కడే ఉంటుంది. కొత్త పూత కింద అది శాశ్వతంగా పోతుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, అవసరమైతే నీళ్ళలో తడిపిన దూదితో తుడవండి. అసిటోన్ మాత్రం దగ్గరకు రానీయకండి, పాలీస్టైరీన్ బాడీ కరిగిపోతుంది. మార్చిన ప్రతి స్క్రూ, స్ప్రింగు, బ్యాండును చిన్న కవరులో వేసి, తేదీ రాసి, అదే పెట్టెలో ఉంచండి. మీ తరువాత ఆ ఇంజను ఎవరి చేతికి వెళ్ళినా, ఏది అసలుదో ఏది మనం వేసిందో వాళ్ళకు తెలియాలి.

బల్ల మీద ఉన్న ఏథర్న్ ఇంజను బాడీ తీసి ఉంచాను. దగ్గరికి వచ్చి చూడండి, ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం.