కాసన్ ఫ్లూయిడ్ కాగితం మీదనేనా?
(సైన్స్ డే నాడు నల్లగొండల డిగ్రీ కాలేజీ పిల్లలతో మాట్లాడింది)

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ మేడమ్‌కు, పిల్లలందరికీ నమస్కారం. అందరి పేర్లు చదువుకుంట పోతే నాకిచ్చిన టైం అయిపోతది, సీదా విషయానికొస్త.

టాపిక్ కాంప్లెక్స్ ఫ్లూయిడ్స్. నీళ్లను మెల్లగ తిప్పినా జోరుగ తిప్పినా చిక్కదనం ఒక్కటే, న్యూటన్ లెక్కకు సరిపోతది. రక్తం, పెయింట్, సిమెంట్ స్లర్రీ అట్ల కాదు. చల్లారిన జొన్న అంబలి గిన్నె కొద్దిగ వంచితే కదలదు, గరిటె తిప్పితే పలచబడి జారుతది చూడుండ్రి, అదే. కదలనీకె కావాల్సిన ఆ కనీస బలాన్ని ఈల్డ్ స్ట్రెస్ అంటరు. కాసన్ అనే సైంటిస్టు 1959ల ప్రింటింగ్ ఇంకు కోసం ఒక ఈక్వేషన్ రాసిండు, తర్వాత అదే రక్తానికీ పనికొచ్చింది. ఆ ఈక్వేషన్ ప్రకారం పారేదాన్నే కాసన్ ఫ్లూయిడ్ అంటరు.

ఇప్పుడు ఏ మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌కు పోయినా కాసన్ ఫ్లూయిడే, సాగే షీటు, మ్యాగ్నెటిక్ ఫీల్డు, ఇంకో టర్మ్ కలిపితే ఇంకో పేపరు. మ్యాథ్స్ అంటే నాకు ప్రాణం, నా పీహెచ్‌డీ దాంట్లనే, కానీ అది ఏ ఫ్లూయిడ్ బాబూ, ఎన్నడన్న చేత్తో ముట్టినవా అంటే జవాబుండదు. ముట్టనిస్తే గదా! నేను రీసెర్చ్ చేసిన కాడ రియోమీటర్ ఉండె, ఇసొంటి ఫ్లూయిడ్ల చిక్కదనం కొలిచే లక్షల మిషను, గుడ్డ కప్పి గదికి తాళమేసిన్రు. సారు లీవు, సారు మీటింగు, ఖరాబైతే ఎవరు జవాబు... ఇప్పటికీ తల్చుకుంటే కడుపు మండుతది.

సరే, అది పక్కకు పెడదాం. తాగే నీళ్లల్లకెల్లి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి దునియా అంతట నల్లగొండ టెక్నిక్ అనే పేరు, నాగ్‌పూర్‌ల ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) వాళ్లు తయారు చేసింది. నీళ్లల్ల పటిక, సున్నం వేసి ముందు జోరుగ, తర్వాత మెల్లగ కలుపుతరు. మెల్లగ ఎందుకు? అప్పుడే మెత్తటి తునకలు కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుంటయి, జోరు చేస్తే విరిగిపోతయి. అడుగున దిగే మడ్డి తొందరగ ఎండదు, ఎక్కడ పొయ్యాలె అన్నదే ఈ పద్ధతికి పెద్ద చిక్కు. అది ఎంత బలానికి కదులుతది, ఏ పైపుల పారుతది? ఇది మన సబ్జెక్టు కాదా?

మిషన్ భగీరథ నల్లా నీళ్లొచ్చినయి ఇంకెందుకు సార్ అంటరు. వచ్చినయి, సంతోషం. కెన్యా, టాంజానియాల జనం ఇంకా ఫ్లోరైడ్ నీళ్లు తాగుతున్నరు, ఆ నీళ్లతోని కాళ్లు వంకరపోవుడంటే ఏందో మన జిల్లల మర్రిగూడకు చెప్పాల్నా?

రియోమీటర్ లేకున్నా షురూ చెయ్యొచ్చు. ఆ మడ్డిని ఒక పలక మీద పోసి మందం కొలిచి, మెల్లగ వంచుకుంట పోతే ఏ వాలు కాడ కదిలిందో దాన్నిబట్టి ఈల్డ్ స్ట్రెస్ లెక్క కట్టొచ్చు. మేడమ్, శనివారం కెమిస్ట్రీ ల్యాబ్ ఇప్పియ్యిండ్రి, నేనే వస్త. ఫైనలియర్ వాళ్లు చేతులెత్తుండ్రి, పేర్లు ఇప్పుడే రాసుకుంట.