ముడి చమురు పైపులైను ప్రతిపాదనను ఎలా చదవాలి?

నమస్కారం. నా చేతిలోని ఈ కొబ్బరినూనె సీసాను ఒకసారి చూడండి. డిసెంబరు నెలలో, అనంతపురంలోని మా వంటింటి గట్టు మీద రాత్రంతా ఉంచితే తెల్లవారేసరికి ఇలా పేరుకుపోయింది. తలకిందులు చేసినా చుక్క జారడం లేదు. ఉగాండాలోని ఆల్బర్ట్ సరస్సు దగ్గర 2006లో బయటపడిన ముడి చమురుదీ ఇదే గుణం. అందులో మైనం ఎక్కువ కాబట్టి మామూలు వేడిమిలోనే గడ్డకడుతుంది.

ఆ చమురును టాంజానియాలోని టాంగా తీరానికి చేర్చే తూర్పు ఆఫ్రికా పైపులైను గురించి చదివేటప్పుడు, 1,443 కిలోమీటర్ల పొడవుకన్నా ముందు ఈ గుణాన్నే గమనించండి. దారి పొడవునా చమురు వేడి 50 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. అందుకే 24 అంగుళాల ఉక్కు గొట్టానికి ఫోమ్ తొడుగు వేసి, వెంట విద్యుత్తుతో వేడిచేసే కేబుల్ అమర్చి, భూమిలో పూడ్చేలా రూపకల్పన చేశారు. హంద్రీ-నీవా నీళ్లను మల్యాల నుంచి మెట్టుమెట్టుగా ఎత్తిపోసే పంపుహౌస్‌లను చూసినవారికి ఇక్కడ ఆరు పంపింగ్ స్టేషన్లు ఎందుకో వెంటనే అర్థమవుతుంది. సముద్రం వైపు నేల దిగిపోతుంది కనుక, ఒత్తిడిని తగ్గించే స్టేషన్లు మరో రెండు కావలసి వచ్చాయి.

తరువాత ఈ పైపులైను కోసం ఏర్పడిన ఉమ్మడి సంస్థలోని వాటాలు చూడాలి. ఫ్రాన్స్‌కు చెందిన టోటల్ ఎనర్జీస్‌కు 62, ఉగాండా, టాంజానియా జాతీయ చమురు సంస్థలకు చెరి 15, చైనాకు చెందిన సీనూక్‌కు 8 శాతం. చమురు పుట్టిన దేశానికీ, గొట్టం సాగే దేశానికీ కలిపి దక్కింది 30 శాతమే.

ఇక భూమి. ఈ వీడియో చేయడానికి అసలు కారణం ఇదే. మన దేశంలో 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం ప్రకారం పొలం రైతు పేరునే ఉంటుంది, వినియోగ హక్కు మాత్రమే పోతుంది. ఆ హక్కుకు పరిహారం, నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం. పంట నష్టం వేరుగా లెక్కిస్తారు. గొట్టం పూడ్చిన మేరలో వేరుశనగ వేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. బత్తాయి తోట పెట్టాలనుకున్న రైతుకు అది తరతరాల నష్టం. దానికి పదో వంతు న్యాయమైన లెక్కని నేను అనుకోను.

నోటిఫికేషన్‌లో మీ సర్వే నంబరు కనబడితే, 21 రోజుల్లోపు సంబంధిత అధికారికి అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇవ్వండి. స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ మీ మాట వినిపించే అవకాశం కావాలని అదే కాగితంలో రాయండి.