పిందె ఎందుకు రాలుతుంది?

శ్రోతలకు నమస్కారం. ఫాల్గుణంలో ఏ మామిడి తోటలోనైనా చెట్టు కింద చూడండి. బఠాణీ గింజంత పిందెలు పరిచినట్టు రాలి ఉంటాయి. చూడగానే రైతు గుండె గుభేలుమంటుంది. కానీ మామిడిలో ఒక్కో పూగుత్తికి వందల నుంచి వేల దాకా పూలు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం మగపూలే, అవి కాయ కట్టవు. మిగతావాటిలోనూ చివరిదాకా నిలిచేవి చాలా కొద్ది. గుత్తికి ఒకటో రెండో నిలిచాయంటే మంచి కాపే.

గాలివానకు విరిగిన కొమ్మను ఎప్పుడైనా గమనించారా? దాని ఆకులు ఎండి గలగలలాడతాయి కానీ రాలవు. అదే చెట్టు మీద పండుటాకును వేలితో తాకితే ఊడి వస్తుంది. రాల్చడం చెట్టు చేసే పని. ఆ పనికి కొమ్మలో ప్రాణం ఉండాలి మరి.

తొడిమ మొదట్లో చిన్న చిన్న కణాలతో పలచటి పొర ఒకటి ఉంటుంది. ఆకు పచ్చగా ఉన్నంతకాలం, పిందెలో గింజ ఎదుగుతున్నంతకాలం ఆక్సిన్ అనే హార్మోన్ తొడిమ గుండా దిగుతూ ఉంటుంది. అందువల్ల ఆ పొర గట్టిగా ఉంటుంది. గింజ సరిగా కట్టకపోయినా, నీరు చాలకపోయినా ఆక్సిన్ తగ్గుతుంది, మొక్కలోనే పుట్టే ఇథిలీన్ వాయువుది పైచేయి అవుతుంది. అప్పుడు, ఇటుకల మధ్య సిమెంటులా కణాలను పట్టి ఉంచే పెక్టిన్‌ను ఎంజైములు కరిగించేస్తాయి. ఇక చిన్న గాలి చాలు. తెగిన చోట బెరడులాంటి పొర ఏర్పడి గాయాన్ని మూసేస్తుంది.

ఇథిలీన్ సంగతి బయటపడింది వీధి దీపాల దగ్గర. 19వ శతాబ్దంలో ఐరోపా నగరాల్లో దీపాల గ్యాసు గొట్టాలు లీకైన చోట చెట్లు ఆకులు రాల్చేసేవి. ఆ గ్యాసులో మొక్కల మీద పనిచేసేది ఇథిలీనేనని 1901లో రష్యా శాస్త్రవేత్త దిమిత్రీ నెల్యుబోవ్ బఠాణీ మొలకల మీద ప్రయోగాలు చేసి తేల్చాడు.

ఇప్పుడు మన రైతులు పిందె రాలకుండా కొట్టే ప్లానోఫిక్స్‌లో ఉండేది ఎన్‌ఏఏ, అంటే కృత్రిమ ఆక్సిన్. తగిన మోతాదులో పిందెను నిలబెడుతుంది. మోతాదు మించితే మొక్కలో ఇథిలీన్ పెరిగి, ఉన్న పిందెలూ రాలవచ్చు. యాపిల్ తోటల్లో కాయలు ఎక్కువైతే పలచబరచడానికి ఇదే మందు వాడతారు! అందుకే టెన్షన్‌లో నాలుగు చుక్కలు ఎక్కువ కలపకండి. అంతకంటే ముందు నేలలో తడి చూసుకోండి. బఠాణీ సైజు పిందెకు నీటి ఎద్దడి రానివ్వకుండా తేలికపాటి తడులు ఇస్తూ ఉండండి.