రెగ్యులేటర్ గాలి బరువుగా వస్తోందా? ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. నీటి అడుగున సిలిండర్ గాలి పీల్చుకోడానికి వాడే స్కూబా రెగ్యులేటర్ల గురించి మాట్లాడుకుంటున్నాం, సర్వీసింగ్ చేసే సార్ మనతో ఉన్నారు. కాకినాడ నుంచి కాల్, చెప్పండి.

కాలర్: నమస్కారమండి. నేను పడవల అడుగున నాచు, గుల్లలు గీకే పనికి దిగుతానండి. సెకండ్ హ్యాండ్‌లో రెగ్యులేటర్ ఒకటి కొన్నాను, పైన బానే ఉంటదండి, కిందకెళ్ళాక గాలి లాగాలంటే దవడలు నొప్పి, ఏటి మొగ దగ్గరైతే ఒండ్రునీళ్ళు కదండీ, చెయ్యి చాపితే చెయ్యి కనపడదు, అక్కడ గాలి కూడా రాకపోతే భయమేస్తదండి. మావాడొకడు సెకండ్ స్టేజ్‌లో, అదే నోట్లో పెట్టుకునే భాగంలో, స్క్రూ తిప్పితే సరిపోద్దన్నాడు, తిప్పితే బుస్సుమని ఆగకుండా వచ్చేసింది, మళ్ళీ బిగించేశాను. ఎంత తిప్పాలండి?

నిపుణుడు: ముందు ఆ స్క్రూ వదిలెయ్యండి. గేజ్ పెట్టి ఐపీ, అంటే హోస్ గొట్టంలో గాలి ఒత్తిడి, చూడకుండా స్క్రూ ముట్టుకోవద్దు. సిలిండర్‌లో నిండా ఉంటే 200 బార్ ఒత్తిడి, సిలిండర్‌కి బిగించే ఫస్ట్ స్టేజ్ దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కన్నా ఓ 9, 10 బార్లు ఎక్కువుండేలా దించి హోస్‌లోకి పంపుతుంది, అదే ఐపీ. అది తక్కువుంటే సెకండ్ స్టేజ్ ఎంత వదులు చేసినా కింద గాలి చాలదు. ఐపీ గేజ్ ముల్లు ఒకచోట నిలవకుండా పైకి పాకుతోందంటే ఫస్ట్ స్టేజ్ లోపల గాలిని ఆపే హైప్రెషర్ సీటు అరిగినట్టే, అప్పుడు సెకండ్ స్టేజ్ కారుతూనే ఉంటుంది. 10 మీటర్ల లోతులో గాలి రెండింతలు చిక్కబడుతుంది, 30లో నాలుగింతలు. పైన దాగిన లోపం కింద బయటపడేది అందుకే.

కాలర్: ఆయ్. అంటే పావు చుట్టా, అర చుట్టా అండి?

నిపుణుడు: బాబూ, చుట్ల లెక్క కాదు! ఒకటి చెప్పండి, పీల్చినప్పుడల్లా సిలిండర్ గేజ్ ముల్లు పడి లేస్తోందా?

కాలర్: ఊగుతదండి, గేజ్ పాతదేమో అనుకున్నాను.

నిపుణుడు: అదీ సంగతి. సిలిండర్ వాల్వ్ పూర్తిగా తిప్పుతున్నారా?

కాలర్: కొంచెమే తిప్పుతానండి, గాలి ఆదా అవుద్దని.

నిపుణుడు: ఆదా ఏమీ అవ్వదు, మీ ప్రాణం మీదకొస్తుంది. పూర్తిగా తెరవండి. తెరిచినా ముల్లు ఊగుతోందంటే ఫస్ట్ స్టేజ్ మూతి దగ్గర బిళ్ళలాంటి ఫిల్టర్ ఉంటుంది, అది పచ్చబడిందేమో చూడండి, పచ్చబడిందంటే లోపలికి నీళ్ళెళ్ళి తుప్పు పట్టిందన్నమాట, మొత్తం విప్పి సర్వీస్ చెయ్యాల్సిందే.

కాలర్: అవన్నీ బాగుంటే అప్పుడు తిప్పొచ్చాండి?

నిపుణుడు: అప్పుడు తిప్పొచ్చు, నేర్చినవాళ్ళ చేత. బేసిన్‌లో నీళ్ళు పోసి, గాలి ఆన్ చేసి, నాబ్ ఉంటే మొత్తం తెరిచి, సెకండ్ స్టేజ్‌ని మౌత్‌పీస్ పైకి పెట్టి మెల్లగా ముంచండి. డయాఫ్రం, అదే లోపలి రబ్బరు పొర, ఓ అంగుళం, అంగుళమున్నర మునిగేసరికి బుస్ మొదలవ్వాలి. రెండు దాటినా రాలేదంటే బిగువుగా ఉన్నట్టు, నీళ్ళు తగలగానే వచ్చేస్తే మరీ వదులు. ఆరిఫీస్, అంటే గాలి వచ్చే రంధ్రమున్న స్క్రూ, తిప్పేటప్పుడు గాలి వదిలే పర్జ్ బటన్ నొక్కే ఉంచాలి, లేకపోతే ఆ పదునైన అంచు మెత్తటి సీటు మీద గుండ్రంగా కోసేస్తుంది, ఆ గాటు పడ్డాక ఎంత బిగించినా కారుతుంది. మీ మోడల్ అంకెలు మాన్యువల్‌లో చూసుకోండి. మళ్ళీ చెప్తున్నా, ఐపీ చూడకుండా ముట్టుకోవద్దు.

కాలర్: అలాగేనండి, చాలా థాంక్సండి.

యాంకర్: థాంక్యూ. నెక్స్ట్ అంతర్వేది.

కాలర్: సార్, పంచర్ షాపు కంప్రెసర్‌తో సిలిండర్ నింపుకోవచ్చా?

నిపుణుడు: వద్దు. ఆయిల్ ఆవిరి, ఇంజిన్ పొగ అందులో కలిసే ప్రమాదముంది, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు. ఆ ప్రెషర్ కూడా దానివల్ల కాదు. పీల్చుకునే గాలికి వేరే కంప్రెసర్, వేరే ఫిల్టర్లు ఉంటాయి.

కాలర్: మరి తక్కువ లోతుకి...

నిపుణుడు: తక్కువ లోతుకైనా వద్దు నాయనా.

యాంకర్: నరసాపురం కాలర్, టైం తక్కువుంది, చెప్పండి.

కాలర్: దూకగానే నోట్లోంచి జారి గాలి కక్కేస్తోందండి.

నిపుణుడు: సెకండ్ స్టేజ్ పక్కన మీట ఉంటే దూకేముందు ప్రీ-డైవ్ వైపు పెట్టండి, నీళ్ళలో పీల్చడం మొదలెట్టాక డైవ్ వైపు. జారిపోయి కక్కుతుంటే మౌత్‌పీస్ నేల వైపు తిప్పండి, ఆగుతుంది. పైకొచ్చాక ఫస్ట్ స్టేజ్ మూతికి డస్ట్ క్యాప్ బిగించి మంచినీళ్ళలో నానబెట్టండి, నానేటప్పుడు మాత్రం పర్జ్ నొక్కకండి, ఒండ్రంతా హోస్‌లోకి పోతుంది.

కాలర్: మరి ఐపీ కూడా...

నిపుణుడు: అది కూడా చూపించండి, ఏడాదికోసారి.

యాంకర్: థాంక్యూ సార్, టైమైపోయింది.