పద్నాలుగేళ్ల పిల్లవాడు నలుగురిలో కూలబడినప్పుడు

సభలోని తల్లిదండ్రులకు నమస్కారం.

ఆటిజం ఉన్న బిడ్డను చిన్నప్పుడు ఎత్తుకుని ఊరడించిన తల్లి, వాడికి పద్నాలుగేళ్లు వచ్చి తనకంటే పొడుగయ్యాక అలా చేయలేదు. కాబట్టి ఈ వయసులో మెల్ట్‌డౌన్‌ను, అంటే తట్టుకోలేక పిల్లవాడు ఒక్కసారిగా అదుపు తప్పిపోవడాన్ని, బలంతో ఆపాలని చూడకూడదు. మన చేతిలో ఉన్నది దానికి ముందు గడిచే సమయం, ఆ తర్వాతి సమయం మాత్రమే.

మొండికేసిన పిల్లవాడు అడిగింది దొరకగానే ఊరుకుంటాడు. మెల్ట్‌డౌన్‌లో ఉన్నవాడు ఏమిచ్చినా ఊరుకోలేడు, ఎందుకంటే శబ్దాలు, వెలుతురు, అనుకోని మార్పులు, చెప్పుకోలేని నొప్పి అన్నీ కలిసి అతని మెదడు తట్టుకోగల హద్దును దాటిపోయాయి. గారాబం చేసి చెడగొట్టారని అనే బంధువులకు ఈ తేడా ఓపికగా చెప్పాలి.

ఒక ఆదివారం ఉదయాన్ని ఊహించండి. వంటింట్లో కుక్కర్ కూత, మిక్సీ మోత, హాల్లో టీవీ, వీటికి తోడు "చుట్టాలొస్తున్నారు, చొక్కా మార్చుకో" అని తొందర. కుర్రవాడు చెవులు మూసుకుని, అటూ ఇటూ తిరుగుతూ, అడిగిన ప్రశ్ననే మళ్లీ మళ్లీ అడుగుతున్నాడంటే అదే హెచ్చరిక. అప్పుడు మిక్సీ ఆపి, చొక్కా మాట వదిలేసి, అతన్ని తన గదికి వెళ్లనిస్తే చాలాసార్లు గండం గడుస్తుంది.

మొదలైపోతే ఒక్కరే, తక్కువ మాటలతో, నెమ్మదిగా మాట్లాడాలి. "ఎందుకిలా చేస్తున్నావు?" అని నిలదీయకూడదు, దెబ్బ తగిలే వస్తువులు పక్కకు తీసేయాలి. సద్దుమణిగాక నీళ్లిచ్చి పడుకోనివ్వాలి. ఆ పూట మందలింపు వద్దు, ఎందుకంటే చాలామంది పిల్లలు అప్పటికే సిగ్గుతో కుంగిపోయి ఉంటారు.

బయటి సంగతి ఇంకా కష్టం. రెండు మెట్రో లైన్లు కలిసే అమీర్‌పేట స్టేషన్‌కు సాయంత్రం రద్దీలో కాకుండా మధ్యాహ్నం తీసుకెళ్లండి. హెడ్‌ఫోన్లు వెంట ఉంచండి. చాలనిపిస్తే చూపే చేతి సైగ ఒకటి ముందే అనుకోండి. పెళ్లికి బ్యాండు మొదలుకాకముందే వెళ్లి, భోజనం చేసి వచ్చేయడంలో తప్పేమీ లేదు. జనం గుమిగూడి ఫోన్లలో తీస్తుంటే అతనికీ కెమెరాకూ మధ్య మీరు నిలబడండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించింది. నలుగురిలో తిరిగే హక్కు మన పిల్లలకూ ఉంది.

ఉన్నట్టుండి మెల్ట్‌డౌన్లు పెరిగితే ప్రవర్తన సంగతి తర్వాత, ముందు ఒంటి సంగతి చూడండి. పంటి నొప్పి, చెవిపోటు, మలబద్ధకం, నిద్రలేమి ఏదైనా కారణం కావచ్చు. కొందరిలో మూర్ఛ ఈ వయసులోనే మొదలవుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఎన్‌ఐఎంహెచ్‌గా మొదలై, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీగా పిలిచే, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ మనకు అందుబాటులోనే ఉంది. ఎక్కడికి వెళ్లినా, మెల్ట్‌డౌన్ ఎప్పుడు వచ్చింది, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు ఉంది అని రాసుకున్న నోట్‌బుక్‌ను తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.