పెదవాల్తేరు ఇంటి అటక మీద పులి

నమస్కారమండీ. ఈసారి కెనడాలోని కాల్గరీ నుంచి కాదు, విశాఖపట్నం నుంచి మాట్లాడుతున్నాను. వెనక వినిపిస్తున్న హోరు సముద్రానిది కాదు, పక్కింటి వారి మిక్సీది.

ఈ వీడియో ముఖ్యంగా మా మేనత్తల కోసం. పెదవాల్తేరులో తాతయ్య కట్టించిన ఇల్లు బిల్డరుకు ఇచ్చేశాం. వచ్చే నెలలో పడగొడతారు. ‘‘గది గదీ తియ్యవే, అటక మరిచిపోకు’’ అని అత్తయ్యలిద్దరూ రోజూ ఫోను. నాన్న పోయి ఎనిమిది నెలలయింది. అమ్మ ఎంవీపీ కాలనీలో రెండు గదుల అద్దె ఇంటికి మారుతోంది. నాతో వచ్చెయ్యమంటే ఒకటే మాట, ‘‘పోపు పెడితే గంట మోగే ఇంట్లో నేనుండలేను’’ అని. మోగుతుంది, నిజమే. అక్కడ ఇంటి పైకప్పుకు పొగను పసిగట్టే యంత్రం ఉంటుంది. ఎండుమిర్చి వేగిందంటే చాలు, కొంపలంటుకున్నట్టు గోల పెడుతుంది. నేను పోపు వేస్తుంటే మా అబ్బాయి తువ్వాలు పట్టుకుని దాని కింద విసురుతూ నిలబడాలి.

ఇంతకీ అటక. దానికన్నా ముందు, పొద్దున బీచికి వెళ్ళిన సంగతి చెప్పాలి. తెల్లవారుజామున ఆర్కే బీచి రోడ్డు మీదికి బండ్లు రానివ్వరు కదా, నాన్న ఆ వేళకే నడకకు వెళ్ళేవారు. కురుసుర జలాంతర్గామికి కాస్త ఇవతల గోడ మీద కూర్చుని, సూర్యుడు పూర్తిగా పైకి వచ్చాకే లేచేవారు. ఆ చోట కాసేపు కూర్చుందామని వెళితే, ఒకాయన చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని హాయిగా కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఏమని జరగమంటాం?

మా కాల్గరీలో దీనికొక పద్ధతి ఉంది. నది ఒడ్డున నడుస్తుంటే అక్కడక్కడా బల్లలు, వాటికి చిన్న పలకలు. ఫలానా ఆయనకు ఈ చోటంటే ఇష్టం అని పేరుతో సహా రాసి ఉంటుంది. పోయినవారి గుర్తుగా ఇంట్లో వాళ్ళు వేయిస్తారు. మనం గుడిలో ఫ్యాను రెక్కల మీద పేర్లు రాయిస్తాం చూడండి, దాదాపు అలాంటిదే. కాకపోతే ఫ్యాను చవక. నాన్న పేరు మీద ఒకటి వేయిద్దామని విచారిస్తే మూడు వేల డాలర్ల పైమాటే అన్నారు. మన లెక్కలో లక్షా ఎనభై వేలు దాటుతుంది. అదీ పదేళ్ళకే, ఆ తరువాత మళ్ళీ కట్టాలి. అమ్మకు చెప్పాను. ‘‘అంత డబ్బు పోసి, సగం ఏడాది మంచు కింద ఉండే బల్లా? ఆయనకు చలి పడదు’’ అంది. పడదు అంది, పడేది కాదు అనలేదు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అదే రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది, పాత డచ్చి బంగళా. నిన్న అందులోకీ వెళ్ళాను. 1942లో జపాను వాళ్ళు వేసిన బాంబు తొడుగు అక్కడ పెట్టారు. సెలవుల్లో నాన్న నన్ను దాని ముందు నిలబెట్టి, ‘‘ఇది బర్మాలోని రంగూను నుంచి మీ తాతయ్య వెంటే వచ్చింది’’ అనేవారు. చాలా ఏళ్ళు నిజంగానే సామాన్లలో తెచ్చుకున్నారేమో అనుకున్నాను.

ఇదిగో, ఇప్పుడు అటక. ఇత్తడి బిందెలు, మూత లేని బర్మా టేకు పెట్టె, తాతయ్య మరచెంబు. ఈ చెంబు చేతిలో పట్టుకుని కెమెరాకు తాతయ్య కథ మొదలుపెట్టాను. నాన్న చెప్పిన కథే. మన ఉత్తరాంధ్ర వాళ్ళకు అప్పట్లో రంగూనంటే ఇప్పటి అమెరికా లెక్క, స్టీమరెక్కితే చాలు. తాతయ్య అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి. ఆయన ప్రోమ్ దాకా వచ్చి, తౌంగప్ కనుమ దాటి, పులి ఎదురైతే చెట్టెక్కి రాత్రంతా కూర్చుని, అరకాను తీరంలో పడవ పట్టుకుని, చివరికి రైల్లో వాల్తేరు స్టేషనులో దిగారు. ఊపిరి పీల్చుకునేలోగా, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా బాంబులు. అదే రోజు కాకినాడ మీద కూడా. జనం మూటలు కట్టుకుని పల్లెలకు పరుగు. ‘‘ఇవి ఈయన వెనకే వచ్చాయి’’ అని వీధిలో వాళ్ళు తాతయ్యను ఒక చూపు చూశారట. అందరూ పోయినా ఆయన మాత్రం ధైర్యంగా...

‘‘ధైర్యమా, పాడా!’’ వంటింట్లోంచి అమ్మ గొంతు. ‘‘అరికాళ్ళు పుండ్లు పడి అడుగు వెయ్యలేక ఉండిపోయారు. ఇల్లు కనిపెట్టుకుని ఉంటే అద్దె వద్దని ఊరు వదిలి పోతున్న షావుకారు అన్నాడు. అదీ జరిగింది. మీ నాన్నగారు దేన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పరు కదా.’’

ఎనిమిది నెలల్లో అమ్మ నాన్నతో తగువు పెట్టుకోవడం ఇదే మొదటిసారి. నేను కెమెరా ఆపలేదు.

వచ్చి నా చేతిలోంచి మరచెంబు లాక్కుంది. దాని ఒక పక్క సొట్ట ఉంది, మూత మరలు అరిగి తిప్పుతుంటే జారుతున్నాయి, లోపల కళాయి పోయింది. చింతపండు పట్టించి తోముతూ కూర్చుంది. తాతయ్య ఏ పెళ్ళికి వెళ్ళినా ఈ చెంబులో కాచి చల్లార్చిన నీళ్ళు వెంట ఉండాల్సిందే, మరొకరి ఇంట్లో గుక్క నీళ్ళు తాగేవారు కాదు. అది పెద్దాయన చాదస్తమని మేం పిల్లలం నవ్వుకునేవాళ్ళం. వన్‌టౌన్‌లో షావుకారు ఇంటి అరుగు మీద టీ కొట్టు ఎందుకు పెట్టావు తాతయ్యా అని అడిగితే, ‘‘నీళ్ళు ఎలాగూ కాచుకుంటున్నాను, అందులో కాస్త పొడి వేస్తే సరిపోలేదూ!’’ అనేవారు. ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చిన మాట అది.

‘‘పులి లేదు’’ అంది అమ్మ, తల ఎత్తకుండా.

‘‘అదేమిటి?’’

‘‘ఆ కొండదారిలో పులీ లేదు, చెట్టూ లేదు. కలరా. మామయ్యగారికి తమ్ముడు ఉండేవాడు, పదిహేడేళ్ళు. దాహం ఆగక వాగు నీళ్ళు తాగాడట. ఆ రాత్రంతా మామయ్యగారు కూర్చున్నది ఆ పిల్లవాడి పక్కన. ఒకసారి నేను అన్నం వడ్డిస్తుంటే చెప్పారు. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. మీ నాన్నగారికి తెలుసు. నీకు ఐదేళ్ళప్పుడు, రంగూను కథ చెప్పమని ఆయన్ని పట్టుకుని వదల్లేదు నువ్వు. పసిపిల్లకు కలరా సంగతి ఎందుకని పులిని పెట్టారు. నువ్వు రోజూ ఆ పులే కావాలన్నావు. ఇంక ఏం చేస్తారు?’’

చెంబు కడిగి బోర్లించింది. కాసేపు మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. పక్కింటి మిక్సీ కూడా ఆగిపోయింది. సామాన్లు కట్టే కుర్రాళ్ళు వచ్చి పాత బిందెలకు వెల కడతామన్నారు. అమ్మ బిందెలు ఇచ్చేసింది. చెంబు మాత్రం కొత్త ఇంటి సంచిలో, తన కళ్ళజోడు పక్కన పెట్టుకుంది.

అత్తయ్యలూ, ఈ ముక్క మీకు ముందే తెలుసా? తెలిస్తే మాకెందుకు చెప్పలేదు?

రాత్రి ఎనిమిదిన్నరకు మా అబ్బాయి ఫోను చేశాడు. అక్కడ అప్పుడే పొద్దు. వాడికి ఆరేళ్ళు. రంగూను కథ నా నోట విన్నదే, నేను చెప్పిందీ పులి కథే. నిద్ర ముఖంతో అడిగాడు, ‘‘అమ్మమ్మా, తాతయ్య చూసిన పులి ఎంత పెద్దది?’’

నేను ఫోను అందుకోబోయాను. అమ్మ ఇవ్వలేదు. ఒకసారి నా వైపు చూసి, కళ్ళజోడు సర్దుకుంది.

‘‘మీ ఇంట్లో ఫ్రిజ్జు ఉంది కదా నాన్నా, దాన్ని అడ్డంగా పడుకోబెట్టు. అంత. తోక కాకుండా.’’