ట్యూను మీదే, ఒప్పుకుందాం. ఆధారం ఏది?

[తెరపై: నల్లటి నేపథ్యం. నాలుగు నిలువు వరుసల్లో అక్షరాలు, అంకెలు పైకి జరుగుతుంటాయి. వెనక సన్నగా సింథ్ ధ్వని.]

నమస్కారం. తెర మీద పైకి పాకుతున్న ఈ అంకెలన్నీ కలిసి ఒక పాట. 1987లో కార్స్టెన్ ఒబార్స్కీ అనే జర్మన్ ప్రోగ్రామర్ అమీగా కంప్యూటర్ కోసం సౌండ్‌ట్రాకర్ అనే సంగీతం రాసే ప్రోగ్రామ్ తయారుచేశాక, ఐరోపాలో ఎందరో కుర్రవాళ్లు ఇంట్లో కూర్చుని ఇలాగే సంగీతం రాశారు. స్టూడియో లేదు, వాయిద్యం లేదు. అమీగాలో ధ్వనికి ఉన్నవి నాలుగే ఛానళ్లు, అంటే ఒకేసారి నాలుగు ధ్వనులే మోగగలవు. డ్రమ్ములు, బేస్, పైన రాగం, అన్నీ అందులోనే సర్దాలి. మూడు స్వరాలు కలిసి మోగాలంటే మూడు ఛానళ్లు వదులుకోలేరు కాబట్టి, ఒకే ఛానల్లో ఆ మూడింటినీ చకచకా తిప్పేవారు. అంత వేగంలో చెవి వాటిని విడదీయలేదు. పాత వీడియో గేముల్లో వినిపించే ఆ గలగల ఈ లేమిలోంచి పుట్టిందే.

[తెరపై: శాంపిళ్ల పేర్ల జాబితా పెద్దదిగా.]

ఈ మూలకు చూడండి. ఇలాంటి ఫైలులో సాధారణంగా 31 శాంపిళ్లు, అంటే రికార్డు చేసిన చిన్న ధ్వని ముక్కలు, పెట్టుకోవచ్చు. ఒక్కోదాని పేరుకు 22 అక్షరాల చోటు ఉంటుంది. అక్కడ డ్రమ్ము, బేస్ అని రాసుకోవడం మానేసి చాలామంది తమ పేరు, చిరునామా, స్నేహితులకు పలకరింపులు రాసేవారు. పాట, దాని స్వరలిపి, చేసినవారి సంతకం, మూడూ ఒకే ఫైలులో ఉండేవి. ఎవరైనా తెరిచి చూడవచ్చు, చూసి నేర్చుకోవచ్చు. దాచుకోకపోవడమే వాళ్ల మధ్య మర్యాద. అయితే ఆ ఫైలును మోగించి మరో యంత్రంలో రికార్డు చేసుకుంటే సంతకం ఇక్కడే ఉండిపోతుంది, శబ్దం ఒక్కటే అక్కడికి వెళుతుంది.

ఫిన్లండ్‌కు చెందిన యాన్నె సూని విషయంలో గొడవ ఇలాంటి చోటే మొదలైంది. ‘టెంపెస్ట్’ అనే మారుపేరుతో ఆయన ‘యాసిడ్‌జాజ్డ్ ఈవెనింగ్’ అనే నాలుగు ఛానళ్ల పాట చేశారు. 2000లో అసెంబ్లీ అనే కంప్యూటర్ కళాభిమానుల వేడుకలో, పాత యంత్రాల సంగీతం పోటీలో దానికి మొదటి స్థానం వచ్చింది. తర్వాత నార్వేకు చెందిన గ్లెన్ రూనె గాలెఫాస్ దాన్ని కమొడోర్ 64 అనే పాత కంప్యూటర్‌కు మార్చారు. అందులో ధ్వని పుట్టించే సిడ్ చిప్‌కు ఉన్నవి మూడే గొంతులు, అంటే మూడే ఛానళ్లు. నాలుగింటిలో నడిచే పాటను మూడింటిలోకి తేవాలంటే ఏది ఉంచాలి, ఏది మింగాలి, ఎక్కడ ఫిల్టరు తిప్పాలి అని ప్రతి చరణంలోనూ తేల్చుకోవాలి. దాన్ని నకలు అనడానికి నాకు మనసొప్పదు. 2002లో ఆ రూపం ఆస్ట్రేలియాకు చెందిన ఒక డిస్కు పత్రికలో, అంటే కాగితం మీద కాక కంప్యూటర్ డిస్కుగా వచ్చే పత్రికలో, వెలువడింది.

2006లో గాయని నెల్లీ ఫుర్టాడో ఆల్బమ్ ‘లూస్’ వచ్చింది. అందులో ‘డు ఇట్’ అనే పాట ఉంది. దాని వెనక ఉన్న నిర్మాత అప్పటికే పెద్ద పేరున్న టింబలాండ్, అసలు పేరు టిమోతీ మోస్లీ. 2007 జనవరిలో ఎవరో రెండు పాటలనూ పక్కపక్కన పెట్టి వీడియో చేశారు. సిడ్ రూపాన్నే నేరుగా తీసుకుని పాట కింద పరిచారన్నది ఆరోపణ. 2005లో టింబలాండ్ పేరుతో వచ్చిన ఒక రింగ్‌టోనులో కూడా అదే వినిపిస్తోందని తర్వాత తేలింది. టింబలాండ్ ఈ ఆరోపణను నవ్వి కొట్టిపారేశారు.

ఆ రెండు ముక్కలనూ నేను ఇక్కడ వినిపించడం లేదు. విమర్శ కోసం కొంత భాగాన్ని వాడుకోవడానికి మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ వీలిస్తుంది. కానీ యూట్యూబ్‌లో పాటలను పోల్చే యంత్రం ఆ సెక్షన్ చదువుకోలేదు.

[తెరపై: కోర్టు తీర్పు పేజీలా కనిపించే కాగితం. మీద ‘2012’.]

ఆ పాట హక్కులు తీసుకున్న కెర్నెల్ రికార్డ్స్ అనే ఫిన్లండ్ సంస్థ 2009లో అమెరికాలోని ఫ్లోరిడాలో టింబలాండ్ మీద దావా వేసింది. మూడేళ్ల తర్వాత, 2012లో, పదకొండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టులో ఓడిపోయింది. పోలికలు లేవని ఓడిపోలేదు. అసలు విచారణ అంత దూరం రానేలేదు.

అమెరికా చట్టంలో ఒక మెలిక ఉంది. అమెరికా రచన అయితే ముందు అక్కడి కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయించాలి, ఆ తర్వాతే దావా. విదేశీ రచన అయితే ఆ షరతు లేదు. మరి ఫిన్లండ్ వ్యక్తి చేసి, నార్వే వ్యక్తి మార్చి, ఆస్ట్రేలియా పత్రికలో వచ్చిన పాట ఏ దేశానిది? ఇంటర్నెట్‌లో పెడితే ప్రపంచమంతా ఒకేసారి ప్రచురించినట్టే, అమెరికా కూడా అందులో ఉంది కదా అని కింది కోర్టు అంది. అంత సులువుగా అలా అనుకోకూడదని పై కోర్టు అంటూనే, మొదట ఎక్కడ, ఏ దారిలో ప్రచురించారో రుజువు చేయాల్సిన భారం దావా వేసినవారిదేనని చెప్పింది. డిస్కులను తపాలాలో పంపారా, ఇంటర్నెట్‌లో పెట్టారా, ఏది ముందు? సాక్ష్యం కలగాపులగంగా ఉంది. నమోదు పత్రమూ లేదు. కేసు అక్కడితో ఆగిపోయింది.

అభిరుచి కొద్దీ సంగీతం చేసేవాళ్ల గొడవల్లో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. జనం చెవులు అరిగేలా పోల్చి చూస్తారు, ‘అచ్చం అదే’ అని వ్యాఖ్యలు పెడతారు. కోర్టులో మొదటి ప్రశ్న మాత్రం తేదీ గురించి, చోటు గురించి వస్తుంది.

[తెరపై: రాజాం బస్టాండు. తర్వాత ఒక చిన్న గదిలో ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్లు.]

ఇక మన వైపు వద్దాం. రాజాంలో ఒక కుర్రాడు ఉన్నాడనుకోండి. పగలు మొబైల్ దుకాణంలో పని, రాత్రి ఎఫ్‌ఎల్ స్టూడియో అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో బీట్లు. గ్రామదేవత పండగలకు డీజే మిక్సులు చేసి యూట్యూబ్ ఛానల్లో పెడతాడు. ఓ ఏడాది దసరా తర్వాత, పైడితల్లమ్మ సిరిమానోత్సవం సందడిలో, ఏదో సినిమా పాట మోగుతుంటే అందులో తన బీటు వినిపించింది. ఇప్పుడు ఏం చేయాలి?

మొదట నిబ్బరంగా ఉండవచ్చు, ఎందుకంటే అమెరికా మెలిక మన దగ్గర లేదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం పాట పుట్టినప్పుడే హక్కూ పుడుతుంది. నమోదు తప్పనిసరి కాదని బొంబాయి హైకోర్టు 2021లో సంజయ్ సోయా కేసులో స్పష్టంగా చెప్పింది. అయినా చేయించుకోవడమే మంచిది. 48వ సెక్షన్ కింద రిజిస్టరులో ఉన్న వివరం ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. సంగీత రచనకు రుసుము 500 రూపాయలు, రికార్డింగుకు 2000. దరఖాస్తు పెట్టాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, ఢిల్లీ వెళ్లనక్కర్లేదు.

సంగీత రచన, రికార్డింగు అని రెండు రుసుములు ఎందుకు? చట్టం దృష్టిలో అవి రెండు వేరు వేరు ఆస్తులు. కుర్రాడి ఆడియోను ఉన్నదున్నట్టు కత్తిరించి వాడితే రెండు హక్కులకూ గండి పడినట్టే. అదే ట్యూనును కీబోర్డు మీద కొత్తగా వాయించి వాడితే రికార్డింగు హక్కు చెక్కుచెదరదు, రచన హక్కు మీద మాత్రమే పోరాడాలి. రెండో దాంట్లో గెలవడం చాలా కష్టం, ఎందుకంటే నాలుగు స్వరాలు ఎవరికైనా తట్టవచ్చు అంటారు అవతలివారు.

మొదటి దానికి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటి ఉంది.

[తెరపై: రెండు తరంగాలు ఒకదాని కింద ఒకటి. కిందిది తలకిందులవుతుంది. రెండూ కలిసి దాదాపు సన్నటి గీతగా మారతాయి.]

రెండు ఆడియోలనూ ఒకే వేగానికి తెచ్చి, మొదళ్లు కచ్చితంగా కలిపి, ఒకదాన్ని తలకిందులు చేసి కలపండి. ఒకే రికార్డింగు అయితే కలిసిన భాగం దాదాపు మాయమై, పైన చేర్చిన గొంతు, తాళాలు మిగులుతాయి. చేత్తో మళ్లీ వాయించింది ఇలా మాయం కాదు. ఎమ్‌పీ3 కుదింపు వల్ల, ఈక్వలైజరు వల్ల కొంత చెత్త మిగులుతుంది కాబట్టి పూర్తి నిశ్శబ్దం ఆశించకండి.

‘ఏడు సెకన్ల వరకు వాడుకోవచ్చు, తప్పు లేదు’ అని మన డీజేలు ఒకరికొకరు చెప్పుకునే మాట ఒకటుంది. అలాంటి లెక్క చట్టంలో ఎక్కడా లేదు. 2008లో సంగీత దర్శకుడు రామ్ సంపత్, ఒక ఫోను కంపెనీ ప్రకటనకు చేసిన తన ట్యూనును ‘క్రేజీ 4’ సినిమా పాటల్లో వాడేశారని బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. ఆ పాటలతో సినిమా విడుదల చేయవద్దని కోర్టు ఆపింది. రెండు కోట్ల రూపాయలకు రాజీ కుదిరిందని అప్పట్లో పత్రికలు రాశాయి. ప్రకటన ట్యూను ఎంతసేపు ఉంటుందో మీకు తెలుసు.

దావా ఎక్కడ వేయాలి? 62వ సెక్షన్ ఇక్కడ మనకు ఆసరా. కంపెనీ ముంబైలో ఉన్నా చెన్నైలో ఉన్నా, హక్కుదారు తాను నివసించే చోటి జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. రాజాం ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది కాబట్టి విజయనగరం. వివాదం విలువ మూడు లక్షలు దాటితే వాణిజ్య కోర్టు దారి పట్టాల్సి రావచ్చు, వకీలును అడగండి. నష్టపరిహారం కోరడానికి గడువు మూడేళ్లు. పరిధి విషయంలో పొరపాటు జరిగితే చేతికందిందీ జారిపోతుంది. 2022లో ‘కాంతార’ సినిమాలోని వరాహరూపం పాట మీద కేరళ బృందం థైక్కుడం బ్రిడ్జ్ కోళికోడ్ కోర్టుకు వెళితే, అంత పెద్ద సినిమా పాటను ఆ జిల్లా కోర్టు తాత్కాలికంగా ఆపగలిగింది. ఆ తర్వాత అదే చోట పరిధి చిక్కు వచ్చి ఉత్తర్వు నిలవలేదు.

ఆధారం విషయానికి వస్తే, ప్రాజెక్టు ఫైలు పక్కన కనిపించే తేదీని నమ్ముకోకండి. కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పితే ఆ తేదీ కూడా వెనక్కి పోతుంది. తనకు తానే రిజిస్టర్డ్ పోస్టు పంపుకుని కవరు విప్పకుండా దాచేవాళ్లూ ఉన్నారు. పనికిరాదని అనను, కానీ చట్టం దానికి ప్రత్యేక విలువేమీ ఇవ్వలేదు. మన చేతిలో లేని సర్వర్ వేసిన తేదీ మేలు, అంటే అప్‌లోడ్ తేదీ, పంపిన ఈమెయిలు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారంతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఫైలు నుంచి లెక్కగట్టే వేలిముద్రలాంటి అక్షరాల, అంకెల వరుస, రాయాలి. ఫైలులో ఒక్క స్వరం మారినా ఈ హాష్ పూర్తిగా మారిపోతుంది. అందుకే పాట బయట పెట్టిన రోజే హాష్ తీసి మీకే ఒక ఈమెయిలు పంపుకోండి.

[తెరపై: ‘కాపీరైట్ క్లెయిమ్’ నోటీసు.]

చాలాసార్లు కథ తిరగబడుతుంది. కుర్రాడే దొంగ అంటూ నోటీసు వస్తుంది. ఇద్దరూ ఒకే లూప్ ప్యాక్‌లోని, అంటే అందరికీ అమ్మే రెడీమేడ్ ధ్వని ముక్కల కట్టలోని, తబలా ముక్కను కొనుక్కుని వాడి ఉంటారు, పెద్ద సంస్థ తన పాటను యూట్యూబ్‌లో పాటలను పోల్చే ఆ యంత్రంలో, కంటెంట్ ఐడీలో, ముందు చేర్చి ఉంటుంది. అందరికీ అమ్మే లూపుల మీద అలా హక్కు చెప్పుకోకూడదని యూట్యూబ్ నిబంధనల్లోనే ఉంది. అభ్యంతరం పెడితే అవతలివారికి జవాబివ్వడానికి 30 రోజులు గడువు. లూప్ కొన్న రసీదు, లైసెన్సు పాఠం చేతిలో ఉంచుకుని పెట్టండి. రసీదు లేని ప్యాక్ అయితే నా దగ్గర సలహా లేదు.

[తెరపై: తప్పెటగుళ్లు కళాకారులు. రొమ్ముకు కట్టుకున్న గుండ్రటి తప్పెటలు, కాళ్లకు గజ్జెలు.]

చివరగా, మన మిక్సుల్లో ఎక్కువగా వినిపించే శబ్దం గురించి. తప్పెటగుళ్ల దరువు తరతరాలది, ఆ దరువుకు యజమాని ఎవరూ లేరు. నిజమే. కానీ మీరు ఫోనులో పట్టుకున్నది ఫలానా ఊళ్లో, ఫలానా సాయంత్రం, ఫలానా బృందం కొట్టిన దరువును. 38వ సెక్షన్ కింద ప్రదర్శకులకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఉంది, అనుమతి లేకుండా రికార్డు చేయడం కూడా అందులోకే వస్తుంది. సినిమావాళ్లు మన బీటు పట్టుకుపోయారని అరిచే గొంతులే, తమ మిక్సులో వాడిన జముకుల కథ కళాకారుడి పేరు వివరణలో కూడా పెట్టకపోవడం చూస్తుంటాను. జాలి వేయదు నాకు.

ఒక తెల్లకాగితం చాలు. బృందంలో అందరి పేర్లు, ఊరు, తేదీ, ఏం వాయించారు, ఎంత ఇచ్చారు, ఎక్కడెక్కడ వాడతారు, సినిమాకు అమ్మితే వారి వాటా ఎంత. తెలుగులోనే రాసి, పైకి చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుని, ఒక ప్రతి వాళ్ల చేతికే ఇవ్వండి. నమూనా కాగితం వీడియో కింద పెట్టాను, వాటా దగ్గర ఖాళీ మాత్రం మీరే నింపాలి.